బ్రౌజర్‌కు తెలుగు వచ్చు, మన వెబ్ పేజీలకే రావాలి

సీతారామాంజనేయ శాస్త్రి అనే పేరులో ఎన్ని అక్షరాలున్నాయి? రెండో తరగతి పిల్లను అడిగితే సీ, తా, రా, మాం, జ, నే, య, శా, స్త్రి అని వేళ్లు మడిచి తొమ్మిది అని చెబుతుంది. కంప్యూటర్‌ను అడిగితే, రెండు మాటల మధ్య ఖాళీని కూడా కలుపుకుని 22 అంటుంది. గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు అన్నీ దానికి విడివిడి లెక్కే.

ఇప్పుడు ఒక ఆన్‌లైన్ దరఖాస్తులో పేరు రాసే గడికి 20 హద్దు పెట్టారనుకుందాం. ఈ పేరును ఆంగ్లంలో రాసినా చివర కొన్ని అక్షరాలు పోతాయి, కానీ మిగిలినవి అక్షరాలుగానే ఉంటాయి. తెలుగులో ఆ కోత ఒక అక్షరం మధ్యలో పడుతుంది. గడిలో మిగిలేది 'సీతారామాంజనేయ శాస్త్'. పింఛనుకో, రేషన్ కార్డుకో, హాల్ టికెట్‌కో ఆ పేరే ఎక్కితే, మరో పత్రంలోని పేరుతో సరిపోలడం లేదంటూ ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఆ పేరు గల మనిషే. 20 అని హద్దు పెట్టిన డెవలపర్‌కు ఆ సంగతే తెలియదు.

నా అభిప్రాయం ఇది. తెలుగును తెర మీద చూపించే సమస్య చాలావరకు తీరిపోయింది. బ్రౌజర్‌కు తెలుగు వచ్చు. రానిది మనం కట్టే పేజీలకు. ఆంగ్లాన్ని దృష్టిలో పెట్టుకుని పేజీని గీసి, ఆంగ్లంలో పరీక్షించి, చివరి వారంలో అనువాదం తెచ్చి అందులో పోస్తున్నాం. ఈ వరుస మారాలి. పేజీ కంటికి కనిపించే భాగాన్ని తయారుచేసే ఫ్రంట్ ఎండ్ డెవలపర్లు మొదటి రోజే తెలుగుతో పరీక్షించడం అలవాటు చేసుకోవాలి. దానికి పెద్ద ఖర్చు లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ కొననక్కరలేదు. తెలుసుకోవాల్సిన సంగతులు కొన్నే.

బ్రౌజర్ చేసే పని

ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో 1991 నాటి తొలి రూపం నుంచే తెలుగు ఉంది. మన లిపికి అందులో 128 స్థానాల గది కేటాయించారు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, అంకెలు ఆ గదిలోనే సర్దుకున్నాయి. 'శ్రీ' అనే అక్షరానికి మాత్రం విడిగా స్థానం లేదు. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు సంకేతాలు వరుసగా నిలబడితే అది శ్రీ అవుతుంది.

ఆ నాలుగింటినీ కలిపి ఒకే ఆకారంగా తీర్చే పనిని అక్షర రూపకల్పన చేసే ఇంజన్ చూసుకుంటుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో ఈ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. పారశీకంలో హర్ఫ్ అంటే అక్షరం. ఉర్దూ చెవిన పడే హైదరాబాద్ వారికి ఆ మాట కొత్తది కాదు. ఏ హల్లు కింద ఏ ఒత్తు రావాలో, ఏ గుణింతం ఎక్కడ కూర్చోవాలో ఫాంటులో ఉన్న నియమాలను చదివి ఈ ఇంజన్ తేల్చుతుంది.

ఈ పొరలోనూ తప్పులు జరగకపోలేదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను ఒక తెలుగు అక్షరం స్తంభింపజేసింది. 'జ్ఞా' అనే అక్షరాన్ని, మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతంతో కలిపి ఎవరైనా పంపితే, దాన్ని చూపబోయిన యాప్ మూతపడేది. మామూలుగా 'జ్ఞానం' అని రాస్తే ఏమీ కాదు, ఆ ప్రత్యేకమైన వరుస వస్తేనే ఇబ్బంది. ప్రపంచమంతా అది వార్త అయింది. ఆ నెల తిరగకుండానే ఆపిల్ సంస్థ 11.2.6 రూపాన్ని విడుదల చేసి సరిదిద్దింది.

పొరపాటు అడుగు పొరలో జరిగితే కోట్లాది ఫోన్లు ఆగుతాయి కాబట్టి వెంటనే దిద్దుతారు. పై పొరలో, అంటే పేజీలో జరిగితే ఒక ఒత్తు తెగుతుంది, ఒక పేరు సగమవుతుంది. దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. 'తెలుగులో ఇంతే' అనుకుని పాఠకుడు ఆంగ్లం బటన్ నొక్కుతాడు, లేదా మీ సేవా కేంద్రంలో డబ్బిచ్చి మరొకరి చేత నింపిస్తాడు. ఏళ్ల తరబడి ఆ తప్పు అక్కడే ఉండిపోతుంది.

ఒత్తుకు చోటివ్వాలి

ఆంగ్ల అక్షరాలు దాదాపు ఒకే గీత మీద నిలబడతాయి. తెలుగు అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. 'రాష్ట్రం'లో ష కింద రెండు ఒత్తులున్నాయి. ఆంగ్లానికి వాడే 1.2 వరుస ఎత్తులోనే తెలుగును పోస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. తెలుగు వ్యాసానికి లైన్ హైట్ 1.6 నుంచి 1.8 దాకా ఉంచితే కన్ను సుఖంగా చదువుతుంది. దీన్ని పేజీ మొత్తానికి మార్చనక్కరలేదు. తెలుగు ఉన్న భాగానికే వర్తించేలా సీఎస్‌ఎస్‌లో భాషను బట్టి ఎంచుకునే సౌకర్యం ఉంది.

బటన్ల దగ్గర, శీర్షికల దగ్గర అసలు ప్రమాదం మరొకటి. ఎత్తును పిక్సెళ్లలో బిగించి, బయటికి వచ్చింది దాచేయమని ఓవర్‌ఫ్లో హిడెన్ పెడతారు. ఆంగ్లంలో ఏమీ తెగదు. తెలుగులో అడుగున ఉన్న ఒత్తు మాయమవుతుంది. ఒత్తు పోతే 'గుడ్డి' కాస్తా 'గుడి' అవుతుంది, 'కల్ల' కాస్తా 'కల' అవుతుంది. ఇది అందచందాల సమస్య అనుకుంటే పొరపాటు. అర్థమే మారిపోతోంది. పరిష్కారం తేలిక. స్థిరమైన ఎత్తుకు బదులు కనీస ఎత్తు ఇవ్వండి, పైనా కిందా ఖాళీని అక్షరం సైజుకు అనుపాతంగా ఇవ్వండి. వెడల్పు విషయంలోనూ అంతే. ఆంగ్లంలో ఆరు అక్షరాల 'సబ్మిట్' పట్టిన బటన్‌లో 'సమర్పించండి' పట్టాలంటే బటన్ తనంతట తాను పెరిగే వీలుండాలి.

ఆంగ్ల ముద్రణ నుంచి వచ్చిన కొన్ని అలవాట్లు తెలుగుకు పనికిరావు. మనకు పెద్దబడి అక్షరాలు లేవు, అందువల్ల శీర్షికను క్యాపిటల్స్‌లోకి మార్చే ఆదేశం తెలుగు మీద పనిచేయదు. శీర్షిక ప్రత్యేకంగా కనిపించాలంటే మందం, సైజు, రంగు వాడాలి. మనకు వాలు అక్షరాల సంప్రదాయమూ లేదు. ఇటాలిక్ అని రాస్తే ఫాంటులో ఆ రూపం లేక బ్రౌజర్ నిలువు అక్షరాన్నే పక్కకు వంచి చూపుతుంది. అలా కృత్రిమంగా వంచవద్దని చెప్పే ఫాంట్ సింథసిస్ అనే గుణం ఉంది, వాడుకోండి. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్‌ను తెలుగు భాగానికి సున్నాగా ఉంచండి. లేకపోతే మాట మాటగా కాక, చెల్లాచెదురైన అక్షరాలుగా కనిపిస్తుంది.

లెక్కపెట్టడం, కోయడం

జావాస్క్రిప్ట్‌లో పొడవు అడిగితే వచ్చేది సంకేతాల సంఖ్య. అదే మొదట చెప్పిన 22. ఫారంలో మాక్స్‌లెంగ్త్ పెట్టినా జరిగేది ఆ లెక్కే. కాబట్టి తెలుగు పేర్లు వచ్చే గడిలో హద్దును ఉదారంగా, ఆంగ్లానికి అనుకున్నదానికి కనీసం మూడు రెట్లు ఇవ్వండి. వెనక ఉన్న డేటాబేస్‌లో హద్దు బైట్లలో ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. అంటే మన శాస్త్రి గారి పేరుకు 64 బైట్లు.

వార్త సారాంశాన్ని 100 అక్షరాలకు కుదించి మూడు చుక్కలు పెట్టడం అందరూ చేసే పనే. జావాస్క్రిప్ట్‌తో గుడ్డిగా కోస్తే చివర పొల్లు మిగులుతుంది. ఎన్ని వరుసలు చూపాలో సీఎస్‌ఎస్‌కు చెప్పి కోత పనిని బ్రౌజర్‌కే వదిలేయడం ఉత్తమం. తప్పనిసరిగా కోడ్‌లోనే కోయాలంటే ఇంటల్ సెగ్మెంటర్ అనే సాధనం ఇప్పుడు ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో 2024లో రావడంతో ఆ లోటు తీరింది. ఇది పాఠకుడు చూసే అక్షరాలను ఒక్కొక్కటిగా విడదీసి ఇస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 దాకా 'శ్రీ'ని 'శ్', 'రీ' అని రెండు ముక్కలుగా లెక్కించేవారు. పొల్లుతో కలిసిన హల్లులను ఒకే అక్షరంగా చూడాలన్న నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు ఆ రూపంలో చేరింది. పాత ఫోన్లలో పాత లెక్కే వస్తుంది. అందువల్ల మాటల మధ్య ఖాళీ దగ్గర కోయడం అన్నిటికన్నా భద్రం.

అక్షరాలు ఒక్కొక్కటిగా టైపవుతున్నట్టు కనిపించే హంగులను కూడా ఇందుకే అనుమానించాలి. ఆ హంగు కోసం ప్రతి సంకేతాన్నీ విడి ముక్కలో పెడితే హార్ఫ్‌బజ్‌కు కలపడానికి పక్క సంకేతమే దొరకదు. ఒత్తులు విడిపోయి, గుణింతపు గుర్తులు చుక్కల వలయాల మీద వేలాడతాయి. మాట మొత్తం ఒకేసారి కనిపించేలా చేస్తే హంగూ ఉంటుంది, భాషా మిగులుతుంది.

పేరును కాదనడం, మాటను దొరకనివ్వకపోవడం

చాలా ఫారాలు తెలుగు పేరును 'చెల్లని అక్షరాలు' అంటూ తిరగ్గొడతాయి. ఆంగ్ల అక్షరమాలను మాత్రమే ఒప్పుకునే నియమం రాయడం ఒక కారణం. మంచి మనసుతో 'ఏ భాష అక్షరమైనా సరే' అని రాసిన నియమం కూడా తెలుగును తిరగ్గొట్టవచ్చు. యూనికోడ్ దృష్టిలో ర, మ అనేవి అక్షరాలు, దీర్ఘం, కొమ్ము అనేవి గుర్తులు. అక్షరాల వర్గాన్ని మాత్రమే ఒప్పుకుంటే 'రాము' అనే రెండక్షరాల పేరు కూడా లోపలికి రాదు. నియమంలో గుర్తుల వర్గాన్ని చేర్చడం మరవకండి. పేరు మీద అసలు నియమమే అక్కరలేదేమో కూడా ఒకసారి ఆలోచించండి.

వెతుకులాటది మరో కథ. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కనిపించని విడదీత సంకేతం పెడతాం. కొందరు పెట్టరు. కంటికి దగ్గరగా ఉన్న ఈ రెండూ కంప్యూటర్‌కు వేర్వేరు మాటలు. ఒకరు ఒక రకంగా రాసి పెట్టిన వ్యాసం మరొకరు మరో రకంగా వెతికితే దొరకదు. అలాగే ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. పోల్చే ముందు రెండు పక్కలా ఎన్‌ఎఫ్‌సీ అనే సాధారణీకరణ చేసి, కనిపించని సంకేతాలను తీసేస్తే ఈ బాధ పోతుంది. రెండు వరుసల కోడ్‌తో అయ్యే పని ఇది. అయితే ఆ సంకేతాలను పోలిక కోసమే తీయాలి, చూపించే పాఠం నుంచి తీయకూడదు.

తెలుగును చాలామంది ఆంగ్ల అక్షరాలతో టైపు చేసి, వచ్చిన సూచనల్లోంచి ఎంచుకుంటారు. ఆ మధ్య సమయంలో మాట ఇంకా తయారు కాలేదు. ప్రతి మీట నొక్కగానే వెతకడం మొదలుపెట్టే పేజీ, ఎంటర్ నొక్కగానే ఫారాన్ని పంపేసే పేజీ వాళ్లను ఇబ్బంది పెడతాయి. మాట కూర్పు జరుగుతోందా లేదా అని బ్రౌజర్ చెబుతుంది. ఈజ్ కంపోజింగ్ అనే ఆ సమాచారాన్ని చూసి ఆగడం నేర్పితే చాలు. సంఖ్యలకూ తేదీలకూ సొంతంగా కోడ్ రాయకండి. భాషను తెలుగుగా, దేశాన్ని భారత్‌గా చెబితే ఇంటల్ సాధనాలే 12,34,567 అని లక్షల పద్ధతిలో కామాలు పెడతాయి, నెల పేరును తెలుగులో ఇస్తాయి.

ఫాంటు బరువు ఎవరి జేబు మీద?

ఒత్తులు, గుణింతాల కలయికల వల్ల తెలుగు ఫాంటు ఫైలు సాధారణంగా ఆంగ్ల ఫాంటు కన్నా బరువుగా ఉంటుంది. తక్కువ సిగ్నల్ ఉన్న ఊళ్లో ఫాంటు దిగేదాకా పేజీ తెల్లగా ఉంటే ఆ డేటా ఖర్చు, ఆ నిరీక్షణ పాఠకుడివి. ముందు అడగాల్సిన ప్రశ్న, అసలు ఫాంటు పంపాలా అని. ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ, ఆపిల్ పరికరాల్లో కోహినూర్ తెలుగు ఇప్పటికే ఉన్నాయి. దరఖాస్తులు, సమాచార పుటలకు ఇవి చాలు.

అందం కావాలంటే సిలికానాంధ్ర విడుదల చేసిన మల్లన్న, మండలి, గిడుగు, ఎన్‌టీఆర్ వంటి ఉచిత ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. వాడేటప్పుడు వాఫ్-2 రూపంలో ఇవ్వండి, తెలుగు ఉన్న పేజీల్లోనే దిగేలా యూనికోడ్ పరిధి చెప్పండి, దిగేలోపు పరికరంలోని ఫాంటుతో చూపించమని ఫాంట్ డిస్‌ప్లేను స్వాప్‌గా పెట్టండి. ఫైలు చిన్నదవుతుందని ఫాంటులోంచి ముక్కలు తీసేవారు ఒత్తుల నియమాలను తీసేయకుండా చూసుకోవాలి. అవి పోతే అక్షరాలుంటాయి, కలయిక ఉండదు. తెర మీద నిజంగా ఏ ఫాంటు పడుతోందో బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్ చూపిస్తాయి. నెమ్మది నెట్‌వర్క్‌లో పేజీ ఎలా తెరుచుకుంటుందో కూడా అక్కడే పరీక్షించవచ్చు.

వినేవారి సంగతి

చూపు లేనివారు పేజీని స్క్రీన్ రీడర్ ద్వారా వింటారు. పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్ మొదటి వరుసలో చెబితే ఆ సాధనం తెలుగు గొంతును ఎంచుకోగలుగుతుంది. టెంప్లేట్‌లో వచ్చిన ఆంగ్లం గుర్తునే వదిలేస్తే తెలుగును ఆంగ్ల గొంతుతో చదవడానికి తంటాలు పడుతుంది, లేదా మౌనంగా దాటేస్తుంది. వెబ్ అందుబాటు ప్రమాణమైన డబ్ల్యూసీఏజీలో పేజీ భాషను తెలపడం అత్యంత ప్రాథమిక స్థాయి నియమం. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడో రూపం 2023లో వచ్చింది. అది కూడా ఆ ప్రమాణాన్నే ఆధారం చేసుకుంది. పాటించడానికి కావాల్సింది రెండక్షరాల మార్పు. తెలుగు వ్యాసం మధ్యలో ఆంగ్ల పేరా వస్తే ఆ పేరాకు విడిగా దాని భాష చెప్పాలి. పరీక్షించడానికి విండోస్‌లో ఎన్‌వీడీఏ ఉచితం, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఫోన్‌తోనే వస్తుంది. కళ్లు మూసుకుని మీ పేజీని ఒక్కసారి వినండి.

ఎదురు వాదనలు

'వెబ్‌సైట్ వాడేవారికి ఆంగ్లం వచ్చు కదా' అనే మాట తరచూ వింటాం. 2011 జనగణనలో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు దేశంలో 8 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో ఎందరికి ఆంగ్లం వచ్చన్నది పక్కన పెట్టండి. తెలుగు పేజీ పెట్టాలని నిర్ణయించాక దాన్ని చదవలేనట్టుగా పెట్టడానికి సాకు ఏముంది? ఆంగ్ల పేజీలో ప్రతి అక్షరం అడుగు భాగం తెగితే ఒక్క పూట ఊరుకుంటామా?

'యంత్రానువాదం వచ్చేసింది, ఇక భాష సమస్యే కాదు' అనేది మరో మాట. భాషిణి వంటి ప్రయత్నాలు మాటలను తెలుగులోకి తేవడం నిజంగానే తేలిక చేస్తున్నాయి. అయితే అనువాదం ఎంత బాగున్నా, చివరికి అది పడాల్సింది మనం గీసిన గడిలోనే. రాబోయే రోజుల్లో తెలుగు పేజీలు ఎక్కువయ్యే కొద్దీ ఈ గడుల లోపం ఇంకా ఎక్కువమందికి తగులుతుంది.

'గడువు తక్కువ, ఇవన్నీ ఎవరు చూస్తారు' అన్న వాదనలో కొంత న్యాయం ఉంది. చివరి వారంలో చూడాలంటే కష్టమే. మొదట్లోనే చూస్తే పని దాదాపు ఉండదు. పేజీ నమూనా గీసేటప్పుడు ఖాళీ నింపడానికి ప్రపంచమంతా లోరెమ్ ఇప్సమ్ అనే పాఠాన్ని వాడుతుంది. క్రీస్తు పూర్వం 45లో సిసెరో లాటిన్‌లో రాసిన గ్రంథాన్ని చెదరగొట్టి తయారుచేసిన పాఠం అది. అందులో ఒత్తు లేదు, గుణింతం లేదు. దానితో గీసిన పెట్టెలో తెలుగు పట్టకపోవడం వింత కాదు. మన కాలేజీల్లో వెబ్ డిజైన్ నేర్పేవారు, మన ఊళ్లలో స్టార్టప్‌లు నడిపేవారు ఆ స్థానంలో తెలుగు వాక్యాలు పెట్టడం మొదలుపెడితే ఈ వ్యాసంలో చెప్పిన తప్పుల్లో సగం పుట్టకముందే పోతాయి.

అందుకు ఒక వాక్యం ఇస్తున్నాను: 'లక్ష్మి రాష్ట్రస్థాయి వైద్య విజ్ఞాన ప్రదర్శనలో సాఫ్ట్‌వేర్ గురించి కృష్ణకు చెప్పింది.' కింద రెండు అంతస్తుల ఒత్తులు, ఐత్వం, వట్రసుడి, జ్ఞ, కనిపించని విడదీత సంకేతం అన్నీ ఇందులో ఉన్నాయి. దీన్ని మీ శీర్షికలో, బటన్‌లో, పేరు గడిలో, వెతికే పెట్టెలో పెట్టి చూడండి. ఆండ్రాయిడ్, విండోస్, ఆపిల్ మూడింటిలో చూడండి, 200 శాతానికి పెంచి చూడండి. ఎక్కడ తెగితే అక్కడ దిద్దండి. తెలుగు వెబ్‌సైట్లు కట్టించుకునే శాఖలు కూడా డబ్బు చెల్లించే ముందు ఇలాంటి వాక్యంతో పరీక్షించాలని టెండర్ పత్రంలోనే ఒక షరతు రాయవచ్చు. ఆ ఒక్క షరతుతో శాస్త్రి గారి పేరు గడిలో పూర్తిగా పడుతుంది.